ఎటెల్తాది మావయ్య

మా మావగారు జగన్నాధం గారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. కళ్ళ ముందు నుంచి ఏది కదిలిపోయినా అది ఎక్కడికి పోతోందో తెలుసుకోకుండా ఉండలేరు. నీళ్ళు తూములోంచి పోయినా, పొగ గాలిలోకి పోయినా, చెత్త ట్రాక్టరులో పోయినా సరే, మెడ ఒక పక్కకి వంచి, కనుబొమలు పైకెత్తి "ఎటెల్తాది?" అంటారు. జవాబు చెప్పామా, సరే. చెప్పలేదా, లుంగీ ఎగ్గట్టి దాని వెనకాలే బయల్దేరతారు. కోటబొమ్మాళిలో ఆయన అసలు పేరు పోస్టుమానుకి తప్ప ఎవరికీ తెలియదు. ఊరందరికీ ఆయన ఎటెల్తాది మావే.

ఈ జబ్బు సంగతి నాకు పెళ్ళిచూపుల్లోనే తెలిసిపోయింది. మాది చీపురుపల్లి. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని, తల వంచుకుని, పడాల్సినంత సిగ్గు పడుతూ వస్తే మావగారు నా వైపు చూడనే లేదు. మా పెరట్లో నూతి దగ్గరున్న తూము వైపు చూస్తున్నారు.

"ఈ నీల్లు ఎటెల్తాయి బావగారూ?" అన్నారు మా నాన్నతో.

"కాలవలోకండి."

"కాలవ ఎటెల్తాది?"

గోత్రం, నక్షత్రం, పిల్ల చదువు అన్నీ బట్టీపట్టి కూర్చున్న మా నాన్న ఈ ప్రశ్నకి నీళ్ళు నమిలారు. ఆ వెంటనే ఇద్దరూ కాలవ వెంట బయల్దేరారు. కాఫీలు చల్లారిపోయాయి. పెళ్ళికొడుకు ధనరాజు నాతో మాట్లాడిన మొదటి మాట "మా నాన్నకి అలవాటండి". చాలాసేపటికి ఇద్దరూ మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చారు. మావగారు కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, "పిల్ల మాకు నచ్చినాది" అన్నారు. పిల్లని చూస్తే కదా నచ్చడానికి! "ఆయనకి నచ్చింది తూమే, నువ్వు కాదు" అని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో నా చేతిలో గాజు జాడీ జారి పగిలింది. పెంకులు ఎత్తి చెత్తబుట్టలో పోశాను. పంచాయతీ ట్రాక్టరు వచ్చి బుట్ట ఎత్తుకుని కదిలిందో లేదో, మావగారు వీధిలోకి పరుగు. "ఒరే ఆపు, ఆ గాజు పెంకులు ఎటెల్తాయి?" డ్రైవరు ఏదో చెప్పాడు. ఈయనకి నచ్చలేదు. పెంకులన్నీ ఏరి, మా పుట్టింటివాళ్ళు పెట్టిన కొత్త తువ్వాల్లో మూటకట్టి, ట్రాక్టరెక్కి డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళిపోయారు. ముసలితనంలో జగన్నాధానికి పంచాయతీలో ఉద్యోగమొచ్చిందని సాయంత్రానికి బజారంతా చెప్పుకున్నారు. ఆ తువ్వాలు మాత్రం మళ్ళీ ఇంటికి రాలేదు.

ఇంతటి మనిషిని కన్నతల్లి కూర్మమ్మ గారు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. మా ఇంటికి అసలు పెద్ద ఆవిడే. బతుకంతా అడ్డపొగ తాగింది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆడవాళ్ళు కలుపు తీస్తూ, ఊడుస్తూ, తగువులాడుతూ కూడా అలాగే తాగేవారు. చేతులు ఖాళీగా ఉంటాయి, గాలికి నిప్పు ఆరదు. ఆ పొగంతా చేరాల్సిన చోట చేరి, ఇప్పుడామె ఊపిరితిత్తులు చెప్పిన మాట వినడం లేదు. డాక్టరు ఆక్సిజన్ మిషను రాశాడు. అది గోడ పక్కన పెట్టెలా నిలబడి, కరెంటు తాగుతూ, ముక్కు గొట్టంలోంచి ఊపిరి పంపిస్తూ ఉంటుంది. కూర్మమ్మ గారు చుట్ట మానింది గాని, నోరు మానలేదు.

చిక్కల్లా కరెంటుతో. అది పోతే ఆ పెట్టె ఉత్త పెట్టే. పక్కన ఒక చిన్న సిలిండరు ఉంది గాని, అది కాసేపటి ముచ్చట. ఇలా ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని, అది మా వైపే చూస్తోందని టీవీలో చెప్పారు. తిత్లీ తుఫానప్పుడు మా ఊరు ఎన్నాళ్ళు చీకట్లో ఉందో ఎవరూ మరిచిపోలేదు. అప్పుడు ఈ మిషను లేదు, దాని అవసరమూ లేదు. ఇప్పుడు కరెంటు పోతే కూర్మమ్మ గారి ఊపిరే పోతుంది. ఇంట్లో ఎవరం ఆ మాట పైకి అనలేదు. పొద్దున్నే ఆవిడని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి అందరం జనరేటర్ కొనడానికి శ్రీకాకుళం బయల్దేరాం.

షాపులో వినోద్ అనే కుర్రాడు మాకు దొరికాడు. మేం అతనికి దొరికాం అనడం న్యాయం.

"ఇది తీసుకోండి సార్. ఇల్లంతా లాగేస్తాది. ఏసీ, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు, అన్నీ" అన్నాడు పెద్దదొకటి చూపించి. మా ఆయన ధనరాజు కళ్ళు వెలిగిపోయాయి. "టీవీ కూడానా బాబూ?" అంది మా అత్తగారు లక్ష్మణమ్మ.

మావగారు దాని సైలెన్సరు ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఈ పొగ ఎటెల్తాది?"

"గాల్లో కలిసిపోతాదండి."

"గాలి ఎటెల్తాది?"

వినోద్ నా వైపు చూశాడు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను.

"మరి సౌండు?"

"సౌండు ఎక్కడికెల్తాదండి, ఇక్కడే ఉంటాది."

"ఉండదు బాబూ. స్టార్ట్ సెయ్యి, సూస్తాను."

షాపు బయట పెట్టి తాడు లాగాడు. మావగారు వెనక్కి తిరిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రోడ్డు వెంట నడిచారు. నడిచి నడిచి మలుపు తిరిగి కనబడకుండా పోయారు. "సార్ ఎల్లిపోయారేటండి?" అన్నాడు వినోద్ కంగారుగా. "వస్తారు, సౌండు ఎంతవరకు ఎల్తాదో సూసి వస్తారు" అన్నాను. ఆయన ఆటోలో తిరిగొచ్చారు. "ఇది వద్దు. మార్కెట్టు దాకా వస్తన్నాది" అన్నారు.

అప్పటికి ఆకాశం ఒక పక్క నల్లబడుతోంది. షాపులోకి జనం తోసుకుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఒక్కో జనరేటరూ పట్టుకుపోతున్నారు. ఇంట్లోనే ఫోనుతో తీసుకొచ్చిన మిషను వెనక స్టిక్కరు ఫోటో నేను వినోద్‌కి చూపించాను. జవాబున్న ప్రశ్న దొరికినందుకు పాపం ఆ కుర్రాడు ఎంత సంతోషించాడో! నీళ్ళ మోటారు తిరిగేటప్పటి కంటే మొదలయ్యేటప్పుడే చాలా ఎక్కువ లాగుతుందనీ, దానికోసం చూసుకుంటేనే పెద్ద జనరేటర్ కావాలనీ చెప్పాడు. ఆక్సిజన్ మిషనుకి కరెంటు ఎగుడుదిగుడు లేకుండా రావాలట. అందుకు మూత బిగించిన చిన్న రకం మంచిదట. చప్పుడు కూడా తక్కువట.

"అమ్మ మిషను, ఫ్యాన్లు, లైట్లు. సాలు" అన్నారు మావగారు.

"ఏసీ నాన్నా..." అన్నారు ధనరాజు.

"తుఫానులో ఏసీ ఏటిరా? కిటికీ తియ్యి, సాలు."

అలా ఆ రకంలో మిగిలిన ఆఖరి జనరేటర్ మాదైంది. వ్యానులో వేసుకుని వస్తుంటే సముద్రం వైపు నుంచి గాలి తోస్తోంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో రగడ. "హాల్లో పెడితే వాన తడవదు" అని అత్తగారు. "అమ్మమ్మ గది కిటికీ కింద పెడితే వైరు దగ్గర" అని ధనరాజు. నాయనమ్మని ఆయన అమ్మమ్మ అంటారు, అది వేరే కథ. మావగారు ఇద్దరి మాటా వినకుండా దేవుడి గదిలోంచి అగరొత్తుల కట్ట తెచ్చారు. కట్టంతా ఒకేసారి వెలిగించి హాల్లో నేల మీద పెట్టి, ఆ పొగ వెనకాల వంగి నడవడం మొదలుపెట్టారు. పొగ హాలు దాటింది, వంటగది చూసింది, తిన్నగా కూర్మమ్మ గారి గదిలోకి పోయింది.

"ఒరే జగ్గా, నానింకా సావనేదురా! అగరొత్తులు అప్పుడే ముట్టించీసినావేటి?" అని మంచం మీంచి కేక.

కిటికీ కింద పెట్టి చూశారు. అక్కడ నుంచి కూడా పొగ ఆవిడ గదిలోకే పోయింది. గోడ అవతల నుంచి చూస్తున్న పక్కింటి బాలింత హేమ, మావగారు తుఫాను తగ్గాలని పూజ చేస్తున్నారనుకుని దణ్ణం పెట్టింది. ఆయన అలా వాకిలి, పెరడు అన్నీ తిరిగి ఆఖరికి పెరటి చివర పశువుల సాల దగ్గర ఆగారు. పైన రేకు, మూడు పక్కలా ఖాళీ. పొగ సాలలోంచి బయటపడి పొలాల వైపు పోయింది. ఆయన నడుం పట్టుకుని నిటారుగా నిలబడి, "ఇక్కడ" అన్నారు. జనరేటర్ సాల ఎక్కింది. మా గేదె అలిగి ఆ పూట పాలివ్వలేదు.

ఇక మిగిలింది కలపడం. ఎలక్ట్రీషియన్ శివాజీ కోసం ఊరంతా లాగుతున్న రోజు అది. చినుకులు మొదలయ్యాక బండి మీద వచ్చాడు, బండి దిగకుండానే చెప్పాడు.

"అసలైతే సేంజోవర్ స్విచ్ బిగించాల మావా. దాన్ని ఇటు తిప్పితే లైను కరెంటు, అటు తిప్పితే జనరేటర్ కరెంటు. రెండూ ఎప్పుడూ కలవవు. సరుకు దొరకనేదు. తుఫానెల్లినాక బిగించీస్తాను. అంతదాకా ఇదిగో."

అతను ఇచ్చినది ఒక పొడవాటి వైరు. రెండు కొసలా ప్లగ్గులే. ఒక ప్లగ్గు జనరేటర్లో గుచ్చి, రెండోది గోడ సాకెట్లో గుచ్చితే కరెంటు ఎదురెక్కి ఇల్లంతా వెలుగుతుందట. మా వీధిలో చాలామంది ఇళ్ళలో ఈ రెండు తలల వైరు ఉంది. దాన్ని కనిపెట్టినవాడు మహామేధావి అని అందరి నమ్మకం. మావగారు దాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూశారు.

"ఇల్లంతా ఎల్లినాక, మిగిల్నాది ఎటెల్తాది?"

"ఏటీ మిగల్దు మావా. ఎటూ ఎల్లదు" అన్నాడు శివాజీ. బండి తిప్పుకుని పోయాడు.

జవాబు రాని ప్రశ్న మావగారికి అరగని అన్నం. అన్నం దగ్గర కూర్చున్నా, తలుపులకి గడియలు బిగిస్తున్నా "ఎటూ ఎల్లకుండా ఎలగుంటాది?" అని గొణుక్కుంటూనే ఉన్నారు. గాలి పెరిగింది. ఇంక ఎవరూ ఆయన మాట వినిపించుకునే స్థితిలో లేరు.

తెల్లారుతుండగా తుఫాను మా మీద పడింది. కరెంటు పోయింది. మిషను ఒకసారి కీచుమని ఆగిపోయింది. సిలిండరు గొట్టం ఆవిడ ముక్కుకి తగిలించాం. వాన అడ్డంగా కొడుతుంటే, సాల రేకు లేచి లేచి పడుతుంటే ఆ జనరేటర్ జోలికి పోయే ధైర్యం ఎవరికుంది? సిలిండరు మీటరు ముల్లుని చూస్తూ కూర్చున్నాం. అది వెనక్కి నడుస్తోంది. కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు వినబడుతోంది. కూర్మమ్మ గారు కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ నోటి నుంచి ఒక్క తిట్టు కూడా రావడం లేదు. నాకు అదే అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది.

పొద్దెక్కేసరికి గాలి తగ్గింది. వాన సన్నబడింది. ముల్లు ఎర్ర గీత మీదకొచ్చింది. ధనరాజు సాలలోకి పరిగెత్తి పెట్రోలు పోసి తాడు లాగారు. మొదటి లాగుకి దగ్గింది. రెండో లాగుకి అందుకుంది. అత్తగారు చేతులు జోడించి పాతపట్నం నీలమణి అమ్మవారికి మొక్కుకుంది. ధనరాజు రెండు తలల వైరు కోసం హాల్లోకి వచ్చారు. వైరు మావగారి చేతుల్లో ఉంది.

"నాన్నా, ఇలగియ్యి."

"ఉండ్రా. ఎటెల్తాది?"

"ఏటి ఎటెల్తాది! అమ్మమ్మకి ఊపిరాడతన్నాదో నేదో సూడు ముందు!"

"అదే సూస్తన్నాను." మావగారు గోడ సాకెట్టు మీద వేలు పెట్టారు. "ఇక్కడ పెడతావు. ఇక్కణ్ణుంచి ఇలగెల్తాది." గోడ మీది పైపు వెంట వేలు నడిచింది. "ఇది బోర్డు. బోర్డు నుంచి మీటరు. మీటరు నుంచి...?"

"మావయ్యా, ముల్లు పడిపోతన్నాది!" అని గదిలోంచి అరిచాను.

"మీటరు నుంచి బయటకెల్తాది!" అన్నారాయన. అనడమేమిటి, వైరుని మెళ్ళో దండలా వేసుకుని వీధి తలుపు తీశారు. "నానొచ్చీదాక ఎవులూ ఏటీ ముట్టకండి!"

తల ఎత్తి, మా ఇంటి తీగ చూసుకుంటూ, మోకాలి లోతు నీళ్ళలో, పడిన చెట్ల కింద నుంచి దూరుతూ ఆయన వెళ్ళిపోయారు. వెనకాలే ధనరాజు "నాన్నా, వైరు! వైరిచ్చి ఎల్లు!" అని అరుస్తూ పరిగెత్తారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు. ఆ సామెత ఎవరి గురించి పుట్టిందో ఆ పూట నాకు అర్థమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన అని చూడకుండా నాలుగు మాటలు అనేశాను. వినడానికి ఆయన అక్కడ లేరు.

కూర్మమ్మ గారి పెదవుల రంగు మారుతోంది. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

"ఏడీ... జగ్గడు?"

"కరెంటు ఎనకాల ఎల్లినాడత్తా" అంది మా అత్తగారు ఏడుస్తూ.

"సిన్నప్పుడు... తూనీగల ఎనకాల..." అని ఆవిడ నవ్వబోయింది. నవ్వుకి ఊపిరి చాలలేదు.

ముల్లు సున్నా మీద పడుకుంది. పెరట్లో జనరేటర్ హాయిగా తిరుగుతోంది. కరెంటు అక్కడ, మనిషి ఇక్కడ, మధ్యలో ఉండాల్సిన వైరు మావగారి మెళ్ళో. ఇల్లంతా వెలిగించే దారి లేదు. అలా అనుకుంటూ గది నలువైపులా చూశాను. మూలనున్న నా కుట్టు మిషను కంటబడింది. దాని కింద చుట్టగా పడి ఉంది నా ఎక్స్‌టెన్షన్ బాక్సు. పండగ గిరాకీ రోజుల్లో వరండాలో కూర్చుని జాకెట్లు కుట్టుకోవడానికి పొడవాటి వైరు వేయించుకున్నాను. అసలు ఇల్లంతా వెలగాలని ఎవరడిగారు? వెలగాల్సింది ఒక్క పెట్టే కదా!

బాక్సు పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. ప్లగ్గు తిన్నగా జనరేటర్లో గుచ్చి, బాక్సు కిటికీలోంచి లోపలికి అందించాను. అత్తగారు అందుకున్నారు. మిషను వైరుకి బాక్సు అందలేదు. మూరెడు తక్కువ.

"అత్తయ్యా, మిషనుకి సక్రాలున్నాయి! తొయ్యండి!"

ఆవిడ జన్మలో ఏ బండీ అంత బలంగా తోసి ఉండదు. పెట్టె కిటికీ దగ్గరికొచ్చింది. సిలిండరు గొట్టం తీసి ముక్కుకి పెట్టిన మిషను గొట్టం సాగింది. ప్లగ్గు దిగింది. మిషను కీచుమని, తర్వాత గుర్రుమని మొదలైంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని వానలో నిలబడి చూస్తున్నాను. కూర్మమ్మ గారి ఛాతీ ఒకసారి పెద్దగా లేచింది. మళ్ళీ లేచింది. పెదవులకి మెల్లగా రంగొచ్చింది. కళ్ళు తెరిచి, నన్ను చూసి, "అలగ తడుస్తావేటే గుంటా, లోపలికి రా" అంది. అంతవరకు బిగపట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది నాకు.

మావగారు తిరిగొచ్చేసరికి ఆయనకి చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఒక్కరే రాలేదు. వెనకాల ధనరాజు ఉన్నారు. ఇద్దరి మధ్యన ఒక కుర్రాడు ఉన్నాడు. ఒంటి మీద తడిసిన రెయిన్‌కోటు, నడుముకి తాడు, చేతిలో కటింగ్ ప్లేయరు. కరెంటాఫీసు లైన్‌మన్, పేరు గోపి. ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"ముందు ఆ కుర్రోడికి టీ ఇయ్యమ్మా" అన్నారు మావగారు. ఆ మాట అంటూనే గదిలోకి తొంగి చూశారు. తల్లి ఊపిరి చూశారు, కిటికీలో బాక్సు చూశారు, వైరు వెంట కళ్ళు పెరటి దాకా వెళ్ళొచ్చాయి. "అమ్మకేనా ఎల్తాది? ఇంకెటూ ఎల్లదు కదా?" అన్నారు.

"ఎల్లదు మావయ్యా" అన్నాను. సిద్ధం చేసుకున్న మాటలు నోటికి రాలేదు.

గోపి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మలుపు అవతల స్తంభం ఎక్కినానండి. తీగ తెగిపోనాది. లైను ఆపీసినామని సబ్‌స్టేషనోల్లు సెప్పినాకే ఎక్కినాను. తీగ రెండు సేతుల్తో పట్టుకుని ముడేస్తన్నాను. కింద నుంచి ఈ పెద్దాయన 'ఒరే బాబూ, దిగరా, మా ఇంట్లో కరెంటు నీ కాడికి వస్తన్నాదిరా' అని అరుస్తన్నారు. మెళ్ళో వైరేసుకుని ఉన్నారు. పిచ్చోడనుకున్నానండి. ఆ మెళ్ళో వైరు ఏటో గుర్తుపట్టినాక దిగినాను."

"మా ఇంటి తీగ ఆ తీగకేనా?" అన్నారు ధనరాజు మెల్లగా.

"ఆ తీగకేనండి. ఆ వైరు గోడలో గుచ్చితే ఇంట్లో కరెంటు మీటరు దాటి ఎదురొచ్చేస్తాది."

"గుచ్చుంటే?"

గోపి మిగిలిన టీ తాగేశాడు. ధనరాజు తన రెండు చేతుల వైపు చూసుకుని, గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. వీధిలో ఇలాంటి వైర్లు ఇంకెన్ని ఇళ్ళలో ఉన్నాయోనని నాకు అప్పుడు తట్టింది. మాకంటే ముందే మావగారికి తట్టినట్టుంది. "కూకోండి, వస్తాను" అని మళ్ళీ బయటికి నడిచారు. ఆయన ఇంటింటికీ తిరిగి "మీ కాడ రెండు తలల వైరున్నాదేటి? తియ్యండి. స్తంభం మీద మడిసున్నాడు" అని అరుస్తుంటే మా గుమ్మం దాకా వినబడింది. మామూలు రోజుల్లో ఆయన కనిపిస్తే తలుపులేసుకునేవాళ్ళు ఆ పూట తలుపులు తీసి, వైర్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. అన్నీ మెళ్ళో వేసుకుని, ఊరేగి వస్తున్న దేవుడిలా తిరిగొచ్చారు. అప్పుడు గాని గోపి మళ్ళీ స్తంభం ఎక్కడానికి లేవలేదు.

"ఈడికిది సిన్నప్పట్నుంచీ ఉన్నాది" అంది కూర్మమ్మ గారు మంచం మీంచి. ఊపిరి రాగానే ఆవిడకి మాటలూ వచ్చేశాయి. "నాను అడ్డపొగ తాగతంటే ఎదురుగా కూకుని, నిప్పు నోట్లో ఉన్నాది, పొగ బైటికి రాదు, మరి ఎటెల్తాదే అమ్మా, అని అడిగీవోడు. నీ తలకాయలోకి ఎల్తాదిరా అని ఒకటిచ్చీదాన్ని." ఆవిడ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. "ఇదిగో, ఇక్కడికి ఎల్లినాది. ఆడు అడిగినప్పుడే నాను ఇనుకోవాల."

మావగారు ఆ మాట విననట్టు వైర్ల చిక్కు తీసుకుంటున్నారు.

"అసలు మీకెందుకు మావయ్యా ఈ అలవాటు?" అని అడిగాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని విసుక్కున్నానే గాని, ఆ ఒక్క ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

ఆయన నావైపు వింతగా చూశారు, ఇంత తెలిసిన సంగతి కూడా అడుగుతారా అన్నట్టు.

"ఎటెల్తే అటు ఎవులో ఒకలుంటారు కదమ్మా."

అంతే అన్నారు. మా నాన్నకి ఆ సాయంత్రమే సిగ్నలు దొరకగానే ఫోను చేశాను. పెళ్ళిచూపుల నాడు కాలవ వెంట వెళ్ళి ఏం చూశారు నాన్నా, అని అడిగితే ఆయన నవ్వారు. "మన నీళ్ళు ఎవరి గుమ్మం ముందైనా నిలబడుతున్నాయేమో చూశారమ్మా. చివర్లో ఒకావిడ వాకిట్లో నిలబడుతుంటే ఇద్దరం కలిసి గండి కొట్టాం. ఇలాంటివి పట్టించుకునే ఇంట్లో పిల్ల సుఖపడుతుందని ఆ రోజే అనుకున్నాను" అన్నారు. గాజు పెంకుల్ని మూటకట్టి ఎందుకు తీసుకెళ్ళారో ఇక అడగనక్కర్లేదు. ఊరి చివర చెత్త కుప్పలో చేతులు పెట్టి ఏరుకునే వాళ్ళని నేనూ రోజూ చూస్తూనే ఉన్నాను, చూడలేదంతే. చప్పుడు లేని జనరేటర్ ఎందుకు ఏరారో కూడా గోడ అవతల హేమ పసిగుడ్డు ఏడుపు వినబడినప్పుడు తెలిసింది. ఆ పిల్ల తుఫానులో ఏడ్చింది గాని, మా జనరేటర్ తిరుగుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయింది.

తర్వాత శివాజీ వచ్చి చేంజోవర్ స్విచ్ బిగించాడు. మావగారు పక్కన నిలబడి అటు తిప్పించి, ఇటు తిప్పించి, మళ్ళీ అటు తిప్పించారు. శివాజీ ఈసారి బండి దిగి, ఓపిగ్గా, ఎటెల్తాదో ఎటెల్లదో అంతా చెప్పాడు. రెండు తలల వైర్ల తలలన్నీ కోయించి, మొండేలతో మావగారు ఇంటింటి పెరట్లోనూ బట్టలారేసుకునే తీగలు కట్టారు. మా వీధిలో ఇప్పుడు ఇంటికి ఎన్ని బట్టలున్నా ఆరేస్తాం. గోపి మా ఊరి డ్యూటీకి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే భోంచేస్తాడు. చేతులు కడుక్కుని, తూము వైపు చూసి, "ఈ నీల్లు ఎటెల్తాయి మావా?" అంటాడు. కూర్మమ్మ గారు మంచం మీంచి ఇద్దర్నీ కలిపి తిడుతుంది.

మొన్న ఇదంతా రాస్తూ కూర్చుంటే మావగారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఏటి రాస్తన్నావమ్మా?"

"మీ గురించే మావయ్యా."

మెడ పక్కకి వంగింది. కనుబొమలు లేచాయి. "ఎటెల్తాది?"

"అచ్చయితే ఊళ్ళన్నీ తిరుగుతాది."

"గోపి వాల్లమ్మ సదువుతాదేటి?"

"చదవొచ్చు."

"ఆ గుంటడు ఆ పొద్దు సంగతి ఇంట్లో సెప్పనేదంట. సదివితే ఆయమ్మ బెంగెట్టుకుంటాది. పేరు మార్సీ."

మార్చాను. అంచేత ఈ కథలో గోపి పేరు గోపి కాదు.

"మరి మీ పేరు కూడా మార్చీనా మావయ్యా?"

"నాదెందుకు, ఉండనీ" అన్నారాయన, తువ్వాలు భుజాన వేసుకుని. "జగన్నాధం అంటే ఎవులో పోస్టుమానుకి తప్ప ఇంకెవులికి తెలుసు!"